ఊకె ఉండని ఎడమ కాలు

నేను పని మానలే. నా ఎడమ మోకాలు మానింది, దాని వెంట నేను గూడ ఇంటికొచ్చిన. వనపర్తి దవాఖానల డాక్టరు ఎక్స్‌రే వెలుగుకు పట్టి చూసి, "ఏం పని చేస్తవు?" అని అడిగిండు. "ఊరోళ్ల క్లచ్‌లు తొక్కుత సార్" అన్న. ఆయన రాసేది ఆపి నా మొఖం జూసిండు.

అబద్ధమేం చెప్పలే. గద్వాలల డ్రైవింగ్ స్కూల్‌ల కారు నేర్పేటోడిని. నేర్చుకునేటోని కాళ్ల కింద మూడు పెడళ్లుంటే, పక్క సీట్ల నా కింద రెండుంటుండె: ఒకటి క్లచ్, ఒకటి బ్రేకు. వాడు మరిచింది నేను తొక్కాలె. స్కూలు గద్వాలల ఉన్నా వారంల కొన్ని దినాలు వనపర్తి, కొన్ని దినాలు నాగర్‌కర్నూల్ పోతుంటి. రెండు వేల సంవత్సరం దాటినంక ఈ మూడూర్లల్ల కారు నేర్చుకున్న సగం మంది ఎడమకాలి పాపం నా మోకాలే మోసింది. మిగిలిన సగం మంది సంగతి చెప్పినా మీరు నమ్మరు.

ఈ పనిలకు కొత్తగ వచ్చే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, "ఏమన్న చిట్కాలు చెప్పు మౌలాలి భాయ్" అంటరు. చిట్కాలు నా కాడ లేవు. కాళ్ల ముచ్చట్లున్నయి. నా ముచ్చట్లల్ల మసాలా ఎక్కువుంటదని మా ఇంటామె అంటది. ఉంటది. కాని క్లచ్ సంగతుల మాత్రం చిటికెడు గూడ వెయ్యలే.

రబ్బరు చూసి మనిషిని చెప్పుడు

క్లచ్ పెడల్ మీద నల్ల రబ్బరుంటది. కొత్తల దాని మీద దున్నిన చేను లెక్క చాళ్లు చాళ్లు గీతలుంటయి. అవి అరిగిన తీరు చూసి నడిపినోని గుణం చెప్పొచ్చు. పై అంచు అరిగిందంటే మునివేళ్లతోని తొక్కేటోడు, భయస్తుడు. ఒక పక్క అరిగిందంటే కాలు వంకరగ పెట్టేటోడు, ఇంట్ల గూడ మంచం మీద వంకరగనే పంటడు. మొత్తం బోడిగుండు లెక్క నున్నగయ్యిందంటే వాడు కాలు తియ్యనోడు. బండి పోయినంత సేపు ఎడమ కాలు క్లచ్ మీదనే ఆనిచ్చి పెడతడు.

నాగర్‌కర్నూల్‌ల ఒక నర్సమ్మకు నేర్పిన. ఆమె తన సొంత కారు చెప్పులిడిసి నడిపేది. కాలి మెట్టెలు రాసుకొని రాసుకొని రబ్బరు మీద సన్నటి గాటు పడ్డది. కొన్నాళ్లకు ఆ కారును ఎవడో ఎత్తుకపోయి, రంగు మార్చి, నంబరు మార్చి మళ్ల మా స్కూలుకే అమ్మనీకి తెచ్చిండు. నేను డోరు తీసి పెడల్ చూసి, "నర్సమ్మక్క బాగుందా?" అన్న. వాడు కారు ఆడనే ఇడిసి ఉరికిండు. నమ్మకుంటే నర్సమ్మను అడుగుండ్రి. ఆమె గూడ నమ్మదు.

ఆనిచ్చిన కాలుకు బరువెంత ఉంటదిలే అనుకుంటరు అందరు. ఇంజను తిరుగుడును చక్రాలకు అందిచ్చేదే క్లచ్. తొక్కితే రెండు విడిపోతయి, ఇడిస్తే కలుస్తయి. సగం తొక్కితే కలవవు, విడవవు, ఒకదాన్నొకటి రాసుకుంటయి. రాసుకున్న కాడ వేడి, వేడి కాడ వాసన, వాసన వచ్చినంక మిస్త్రీ ఇల్లు. ఒకపారి బీచుపల్లి కాడ మా కారు క్లచ్ మాడితే ఆ వాసన కృష్ణ ఒడ్డు పట్టుకొని పోయి రాయచూరుల తుమ్ములు తెప్పిచ్చింది. ఇందుల మాత్రం మసాలా ఉన్నది.

తిమ్మప్ప సారు, రైలు గేటు

మా స్కూలు ఓనరు తిమ్మప్ప సారుది రాయచూరు దిక్కు. ఆయనకు తెలుగు సగం, కన్నడం సగం, కోపం పూర్తిగ వచ్చు. నేను పనిల చేరిన కొత్తల నేర్చుకునేటోళ్ల మొఖాలు చూసుకుంట, "భయపడకు, భేష్" అనేటోడిని. సారు వెనక సీట్ల కూసొని ఒకటే మాట అనేటోడు: "ముఖ నోడబ్యాడ మౌలాలి, కాలు నోడు." మొఖం చూడకు, కాలు చూడు అని. మొఖం నవ్వుకుంటనే అబద్ధం చెప్తది, కాలుకు అంత తెలివి లేదు అనేటోడు.

గట్టు నుంచి హనుమంతని ఒకాయన వస్తుండె. ట్రాక్టరు తోలిన మనిషి. పెడల్‌ను పాముపడగ తొక్కినట్టు తొక్కుతుండె. ఒకనాడు గద్వాల రైలు గేటు పడ్డది. హనుమంతు గేరు అట్లనే ఉంచి, క్లచ్ మొత్తం తొక్కిపట్టి నిలబెట్టిండు. బండి కదలలేదు, నేను "శభాష్" అన్న. సారు వెనక సీట్ల నుంచి హనుమంతు కాలునే చూస్తుండు. వచ్చింది గూడ్సు బండి. ఎంత పొడుగంటే ఇంజను వనపర్తి రోడ్డు స్టేషన్‌ల నీళ్లు పట్టుకుంటుంటే గార్డు డబ్బా ఇంకా కర్నూలుల చాయ్ తాగుతున్నది. హనుమంతు తొడ వణుకుడు షురువైంది, ఆ వెనక మోకాలు, తర్వాత నోట్ల పండ్లు. గేటు లేచేసరికి ఆయన కాలు తిమ్మిరెక్కి పెడల్ మీది నుంచి జారింది. బండి కప్ప లెక్క ఎగిరి ముందరున్న జామపండ్ల బండి కాడ ఆగింది. పండ్లు కొన్ని దొర్లినయి. పండ్లామె తిట్టిన తిట్లకు గేటు మళ్ల పడ్తదా అనిపిచ్చింది.

సారు దిగి పండ్లు ఏరుకుంట నాతోని అన్నడు: "గేటు పడ్డదా, న్యూట్రల్. కాలికి సెలవు. కాలుకు పని నేర్పుడు ఎవడైనా నేర్పుతడప్పా. ఊకె ఉండుడు నేర్పేటోడే మేష్ట్రు."

ఈ మాట నేను వెయ్యి మందికి చెప్పిన. నాకు అర్థమైంది మాత్రం ఒక్కని కాళ్లు చూసినంకనే.

రాజోలి నుంచి వచ్చినాయన

తుంగభద్ర పొంగి అలంపూరు, రాజోలి మునిగిన ఏడు అది. నీళ్లు దిగినంక ఒక పొద్దు స్కూలుకు ఒకాయన వచ్చిండు. నలభై ఏండ్లుంటయి. సన్నగ, మెడ కొంచెం ముందుకు వంగి, చేతులు మెత్తగ. పేరు మార్కండేయులు. రాజోలిల చీరలు నేసేటాయన.

"మగ్గం పోయింది సారూ. తొక్కుడు చెక్కలున్న గుంత నిండ బురద. కారు నేర్పుండ్రి" అన్నడు.

ఆయన నేసిన చీరలు కొనే సావుకారి గద్వాలల ఉన్నడు. చీరల మూటలు ఏసుకొని వనపర్తి, నాగర్‌కర్నూల్ దుకాండ్లకు తిరిగే ఒక పాత తెల్ల కారుండె ఆయనకు. ఉన్న డ్రైవరు క్లచ్ ప్లేటు మాడగొడ్తుండని తీసేసిండు. "కారు మంచిగ నేర్చుకొని రా, చూస్త. నా ముక్కుకు క్లచ్ వాసన తగిలిందంటే మాత్రం దిగి పోవాలె" అని మార్కండేయులుకు చెప్పిండంట. ఆ పని దొరకకుంటే భివండి పోవుడే. ఆయన బామ్మర్ది అక్కడ పవర్‌లూమ్‌ల కాడ ఉండె. నెలాఖరు రైలుకు టికెట్లు గూడ తీసి పెట్టిండు, ఆలుమగలకు, ఇద్దరు పిల్లలకు.

మొదటి దినం బండెక్కిచ్చిన. నేను చూసిన వేల కాళ్లల్ల అంత అందంగ బండి కదిలిచ్చిన కాళ్లు ఇంక లేవు. ఎడమ కాలు లేస్తుంటే కుడి కాలు దిగుతున్నది, కుడిది దిగినంతనే ఎడమది లేస్తున్నది. తక్కెడ లెక్క. బండి వెన్న మీద జారినట్టు జారింది. నా రెండు పెడళ్ల మీద నేను కాలు గూడ పెట్టలే. "ఎవరి కాడ నేర్చుకున్నవన్నా?" అని అడిగిన.

"ఎవరి కాడ లేదు సారూ."

ఫర్లాంగు పోయినమో లేదో ఇంజను ఉత్తగనే గయ్యిమన్నది. బండి జోరు జర తగ్గింది. మళ్ల సర్దుకుంది. మళ్ల గయ్యి. కిందికి చూసిన. నా కాళ్ల కాడున్న క్లచ్ పెడల్, ఎవ్వరు తొక్కకుంటనే, సలాం చేసినట్టు కిందికి వంగుతున్నది, లేస్తున్నది. దానికి ఆయన పెడల్‌కు కింద కడ్డీ కలిసుంటది గద. ఆయన కాళ్ల దిక్కు చూసిన. ఎడమది తొక్కుతడు, ఇడుస్తడు, కుడిది తొక్కుతడు, ఇడుస్తడు. రోడ్డు మీద చూపు గట్టిగనే ఉన్నది. కాళ్లకు మాత్రం ఆయనతోని పనే లేదు.

ఆయన కారు నడుపుతలేడు. ఎర్రవల్లి రోడ్డును నేస్తున్నడు.

చెప్పులిడిసిన తప్పు

కాలు తియ్యనోళ్లకు నా కాడ ఒక మందుండె. "చెప్పులిడువు. ఉత్త పాదానికి పెడల్ తెలుస్తది, తెలిస్తే తియ్యబుద్ధయితది" అని చెప్పేటోడిని. బూట్లేసుకున్న బ్యాంకు సార్లకు, మందం చెప్పుల మేష్ట్రమ్మలకు అందరికి పని చేసిన మందు. మార్కండన్నకు గూడ అదే చెప్పిన.

చెప్పులు సీటు కింద పెట్టిండు. ఉత్త పాదం ఇనుము మీద పడంగనే మొఖం ఎట్లనో అయింది. ఆ దినం కాళ్లు ఇంకింత జోరుమీదికొచ్చినయి. ఇటిక్యాల దాటకముందే వాసన. బండి ఆపి దిగినం. బానెట్ కింది నుంచి సన్నటి పొగ.

"ఉత్త కాలుతోనే గద సారూ మగ్గం తొక్కేది" అన్నడు మెల్లగ.

పిల్లలూ, ఈ ఒక్కటి యాదుంచుకోండ్రి. ఒకరి కాలు మందు ఇంకొకరి కాలుకు విషం. ముందుగాల ఆ కాలు ఏం పని చేసొచ్చిందో అడుగాలె. నేను అడుగలే.

తిమ్మప్ప సారు ప్లేటు చూసి నన్ను చూసి, "ఇంకో ప్లేటు పోతే నిన్నే అడ్డం పెడత లోపల" అన్నడు. మార్కండన్న ఇదంత వింటున్నడు. పక్కకొచ్చి, "ఇడిసిపెడదం సారూ. నాది గాదు ఈ పని. భివండి పోత" అన్నడు.

"భివండిల ఏం తొక్కుతవన్నా?"

"ఆడ తొక్కేదేముంటది. నిలబడి చూసుడే. మిషను అదే నేస్తది."

నిలబడి చూసుడే అన్నప్పుడు ఆయన తన కాళ్లు చూసుకున్నడు. కొత్త ప్లేటు ఏపిచ్చి, ఆ మగ్గం చూద్దమని ప్రాక్టీసు పేరు పెట్టి ఆయనతోనే నడిపిచ్చుకుంట రాజోలి దాక పోయిన. దారి పొడుగున నా చెయ్యి ఆయన మోకాలు మీదనే.

వాళ్లిల్లు ఒక పక్క గోడ కూలింది. మగ్గమున్న అర్రల గుంత కనవడ్తలేదు. నేల అంత ఒక్క తీరు, బురద ఎండి నెర్రెలు బాసింది. మగ్గం కొయ్యలు మాత్రం పైకి తేలున్నయి. ఆయన ఆ గుంత ఉన్న జాగల మొల దాక దిగి కూసునేటోడంట. పిల్లప్పటి సంది.

ఆయన భార్య సుశీలమ్మ బయట ఏసుకున్న గుడారం కాడి నుంచి చాయ్ తెచ్చింది. "అన్నా, ఈయన కాలు తొక్కుడు ఇప్పటిది గాదు. బువ్వ తినుకుంట తొక్కుతడు. పండుకొని తొక్కుతడు. పెండ్లైన కొత్తల నన్ను తంతున్నడనుకొని మా అమ్మకు చెప్పిన" అన్నది.

"ఊకోవే" అన్నడు మార్కండన్న.

"వరద వచ్చిన పొద్దు గూడ కూసునే ఉన్నడు. నీళ్లు గుంతలకు వస్తున్నయి, లెవ్వమంటే లెవ్వడు. ఇంక ఒక్క జానెడున్నది, కొంగు అయిపోతది, కోసుకొనే వస్తనంటడు. చెయ్యి పట్టి గుంజుకపోయిన."

"ఏం రంగు చీర?" అని అడిగిన, ఏదో ఒకటి అడగాలె గనుక.

"అరిటాకు పచ్చ. ఎర్రంచు" అన్నడు ఆయన. చాయ్ గిలాస పట్టుకొని బురద దిక్కే చూస్తుండు. ఎడమ పాదం మట్టి మీద లేస్తుంది, పడ్తుంది.

అప్పుడు నాకో మాట తట్టింది. ఆ మాట వెనక నా పేరు గద్వాల అంత మోగిందనుకోండ్రి. "మార్కండన్నా, ఇను. అది తొక్కుడు చెక్క గాదు. క్లచ్ అంటే దర్వాజ. తీసినమా, లోపలికి పోయినమా, ఇడిసినమా. ఇంట్లకు పోయినంక దర్వాజ పట్టుకొని ఎవడన్న నిలబడతడా?"

ఆయన చాయ్ గిలాస కింద పెట్టి, "నిలబడరు" అన్నడు.

వాపసు గద్వాలకు వచ్చేటప్పుడు నా పెడల్ నాలుగైదు సార్లే సలాం కొట్టింది. ఆ వారమంత తగ్గుకుంట వచ్చింది. ఆఖరుకు కదలకుండ నిలబడ్డది. నేను స్కూల్ల అందరికి చాయ్ తాగిపిచ్చిన.

సావుకారి ముక్కు

పరీక్ష దినం సావుకారి ముందల సీట్ల కూసున్నడు. నేను వెనక చీరల మూటల నడుమ. ఆయన ముక్కు సంగతి ఊరందరికి తెలుసు, వాసన చూసి ఏది అసలు పట్టు, ఏది కల్తీ చెప్పేటోడు. ఆ ముక్కు గాలిల పెట్టి కూసున్నడు.

రైలు గేటు పడ్డది. మార్కండన్న న్యూట్రల్ చేసి ఎడమ కాలు తీసిండు. తిమ్మప్ప సారు ఉండుంటే ఈల కొట్టేటోడు. ఎర్రవల్లి చౌరస్త దాటినం, హైవే ఎక్కినం, బీచుపల్లి వంతెన దాటినం. ఇంజను ఒక్క తీరుగ పోతున్నది. గయ్యిమనలే. నేను మూటల మీది నుంచి మెడ సాచి చూస్తే కాలు క్లచ్ మీద లేదు, అంతవరకే కనిపిచ్చింది.

పెబ్బేరు దాటినంక సావుకారి చెవి రిక్కిచ్చిండు. "ఏందో టక్కు టక్కు అంటున్నది."

నాకు గూడ ఇనవడ్డది. సన్నగ, మెత్తగ, ఒక తాళంగ. "డిక్కీల జాకీ కొట్టుకుంటున్నది సేటూ" అన్న.

"కట్టిపెట్టుకోవాలె గద" అన్నడు సావుకారి.

మార్కండన్న రోడ్డు మీది చూపు తియ్యలే.

వనపర్తి చేరినంక సావుకారి దిగి, బానెట్ కాడ వంగి, ఒకపారి పీల్చి, ఇంకోపారి పీల్చిండు. "మూటలు దించు" అన్నడు. ఆయన నోటెంట అది సర్టిఫికేటు. మార్కండన్న నా సెల్లు తీసుకొని రాజోలిల పక్కింటోళ్లకు ఫోన్ చేసిండు. "మా ఆమెకు చెప్పుండ్రి, టికెట్లు వాపసు ఇయ్యమను. ఆఁ, నాలుగు." ఇంతే. నేను జాకీ కట్టనీకి డిక్కీ తీసిన. జాకీ గోనెసంచిల చుట్టి, తాడుతోని బిగిచ్చి ఉన్నది. రోడ్డు బాగలేకుండొచ్చు అనుకొని మూసిన.

దర్వాజ పక్కన

అటెనక కొన్నేండ్లు ఆ దర్వాజ మాట చెప్పుకునే బతికిన. కొత్తగొచ్చిన ప్రతోనికి రాజోలి మార్కండేయులు కథ చెప్పి, "చూడు, ఒక్క మాటతోని జన్మ అలవాటు మాన్పిచ్చిన" అనేటోడిని. చెప్పినప్పుడల్ల నా మాట ఇంకింత పొడుగైతుండె.

నా మోకాలు చెడిపోయే ముందల వనపర్తిల మిస్త్రీ షెడ్డుకు సావుకారి పిలిచిండు. పాత తెల్ల కారు అమ్ముదమనుకుంటున్నడు, పెడళ్లు చూసి చెప్పేటోడు మౌలాలే అని. పోయిన. మార్కండన్న షెడ్డు కాడ నిలబడి చాయ్ తాగుతుండు. తల నెరిసింది. మెడ మాత్రం అదే వంకర.

డోరు తీసి వంగిన. క్లచ్ రబ్బరు మీద చాళ్లు చాళ్లే ఉన్నయి, మొన్న తెచ్చి తొడిగినట్టు. మిస్త్రీని పిలిచి, "చూడు భాయ్, ఇదీ చదువంటే" అని ఇంకా ఏదో అనబోతున్న. చెయ్యి ఆనిచ్చిన కాడ మ్యాటు మెత్తగ లోపలికి పోయింది. క్లచ్‌కు ఎడమ పక్క, కాలు పెట్టుకునే ఖాళీ జాగల. మ్యాటు లేపిన. దాని అడుగు పొరల పాదం ముందరి భాగమంత ఒక బొక్క పడ్డది. కింద గోనెపట్ట ముక్క పరిచున్నది, అది గూడ అరిగింది. దాని కింద రేకు రంగు పోయి, అద్దం లెక్క మెరుస్తున్నది. ఒక కాడ సూది మొనంత బొక్కల నుంచి షెడ్డు నేల కనవడ్తున్నది.

మార్కండన్న వచ్చి నా పక్కన వంగిండు.

"ఇదేందన్నా?"

"కాలు ఊకె ఉండది గద సారూ."

"మరి దర్వాజ అని చెప్తి గద?"

"మంచిగనే చెప్పిండ్రు. మీరు చెప్పినంక దర్వాజ ముట్టలే. పక్కన గుంత తవ్వుకున్న."

మిస్త్రీ నవ్వాపుకోలేక అవతలికి పోయిండు. నేను ఆ మెరిసే రేకు మీద చెయ్యి పెట్టిన. నున్నగ, సల్లగ ఉన్నది. చెయ్యి తియ్యకుంటనే అడిగిన. "ఇంత తొక్కినవు, ఎంత నేసినవన్నా?"

ఆయన లెక్క చూసుకునేటోని తీరుగ కండ్లు మూసిండు. "హైవే ఎక్కినంక వనపర్తి దాక జానెడు బట్ట దిగుతది సారూ. నాగర్‌కర్నూల్ పోతే ఇంకింత."

"జానెడా?"

"ఆఁ. ఆ పచ్చ చీర మొదటి దినమే కోసిన. మీరు వెనక కూసున్న దినం. బీచుపల్లి కాడ పట్టిన, వనపర్తిల దిగేసరికి అయిపోయింది."

డిక్కీల కదలకుండ కట్టున్న జాకీ గుర్తొచ్చింది నాకు. మ్యాటు మళ్ల ఎట్లున్నదట్ల పరిచి, సావుకారికి ఫోన్ చేసి, "క్లచ్ కొత్త దాని లెక్కున్నది, కారు అమ్మకు. కింద ఒక రేకు ముక్క ఏపిచ్చు, చాలు" అన్న.

ఆ సాయంత్రం ఆయనే నన్ను గద్వాలల దింపుతనన్నడు. ముందల సీట్ల కూసున్న. పెబ్బేరు దాటి హైవే ఎక్కంగనే మొదలైంది. టక్కు, టక్కు. ఎండ తిరిగి కృష్ణ మీద పడుతున్నది. కాసేపు ఇన్న. ఉండబట్టక అడిగిన.

"ఈపారి ఏం రంగేసినవన్నా?"

ఆయన రోడ్డు మీది చూపు తియ్యలే.

"మాట్లాడియ్యకుండ్రి సారూ. పోగు తెగుతది."